హెడర్ మార్చాక వెలిగిన ఇంజిన్ లైటు: ఆక్సిజన్ సెన్సార్ కోడ్‌లతో నా అనుభవం

మా కారు 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) బండి. ఇందులో సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, దాని కింద ఆ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) రెండూ కలిసి ఒకే ముక్కగా ఇంజిన్‌కి ఆనుకుని ఉంటాయి. ఆ ముక్క అతుకు దగ్గర పగిలింది. కొత్తది కొనాలంటే ధర వినగానే గుండె జారింది. మా బామ్మర్దికి బండ్ల పిచ్చి. "అంత డబ్బు పెట్టి మళ్ళీ అదే ఎందుకు బావా, స్టీల్ హెడర్ వేయించు, పికప్ కూడా బాగుంటాది" అన్నాడు. తిరుపతిలోనే ఎగ్జాస్ట్ పని చేసే ఒక షాపులో 4-2-1 హెడర్ (మ్యానిఫోల్డ్ బదులు వేసే పైపుల సెట్టు, నాలుగు పైపులు రెండై, ఆ రెండూ ఒకటవుతాయి), దాని కింద విడిగా చిన్న క్యాట్, వెనక కొంచెం ఫ్రీగా ఉండే సైలెన్సర్ పెట్టించాను.

క్యాట్ తీసేసి వట్టి పైపు వేస్తామని షాపువాళ్ళు ముందే అడిగారు. వద్దన్నాను. పొగ సంగతి అలా ఉంచి, మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. హెడర్ మార్చినా ఆ సెక్షన్ చూపించి ప్రశ్నించేవాళ్ళు ఉంటారు. మరి క్యాట్ కూడా లేకపోతే మన దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఇది చదివి హెడర్ వేయించుకోవాలనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

బండి బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉండగా మీటర్‌లో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. అంతకుముందు నుంచే రెండు విషయాలు గమనిస్తున్నాను. మైలేజీ తగ్గింది, బండి నిలిపి ఉన్నప్పుడు పెట్రోలు వాసన వస్తోంది. బిగించిన వెంటనే లైటు రాలేదు కాబట్టి హెడర్‌కి దీనికి సంబంధం లేదని షాపువాళ్ళు వాదించారు. అది నిలబడే వాదన కాదు. ఇలాంటి కోడ్‌లలో చాలావాటికి మొదటిసారి తప్పు కనబడగానే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లైటు వెయ్యదు, లోపల రాసి పెట్టుకుంటుంది. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి తిరిగినప్పుడు కూడా అదే తప్పు కనబడితే అప్పుడు వేస్తుంది. పైగా పెట్రోలు సర్దుబాటు లెక్కలు హద్దు దాటడానికి కొంత తిరుగుడు పడుతుంది.

మామూలుగా చూపించుకునే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. స్కానర్ పెట్టి చూసి, "ఆక్సిజన్ సెన్సార్ పోయిండాదన్నా. కొత్తది తెప్పిస్తే సరిపోతాది" అన్నాడు.

"ఏ సెన్సారప్పా? రెండుండాయి గదా."

"రెండూ మార్చేద్దాం. ఒకటి పోతే ఇంకోటి కూడా పోతాది."

స్కానర్‌లో మూడు కోడ్‌లు ఉన్నాయి. పీ0131, పీ0171, పీ0141. అతను అలవాటుగా ఎరేజ్ నొక్కబోతే ఆపి, ముందు ఫోటో తీసుకున్నాను. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఇంకో పేజీ ఉంటుంది. తప్పు నమోదైన ఆ క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎం, ఎంత వేగం, పెట్రోలు సర్దుబాటు ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఎరేజ్ చేస్తే అది కూడా పోతుంది. ఊళ్ళో చాలాచోట్ల మొదట చేసే పని ఎరేజ్ చేయడమే. లైటు ఆరిపోతుంది, కస్టమర్ సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు, వారం తిరిగేసరికి లైటు మళ్ళీ వస్తుంది.

నా ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఉంది, వేగం సున్నా, ఐడిల్ ఆర్‌పీఎం (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం), లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ ఇరవై శాతం పైన. ట్రిమ్ అంటే ఇందాకటి పెట్రోలు సర్దుబాటే, ప్లస్ అంటే ఈసీయూ అంత అదనంగా పోస్తోందని. అదే నన్ను ఆలోచనలో పడేసింది. సెన్సార్ చెడిపోయి ఉంటే ఐడిల్‌లోనూ హైవేలోనూ చెడిపోయే ఉండాలి కదా. సెన్సార్లు తెప్పించొద్దని చెప్పి బండి ఇంటికి తెచ్చుకున్నాను. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఈఎల్ఎమ్ 327 అడాప్టర్ ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే లైవ్ డేటా కనబడుతుంది.

అది చదవాలంటే ఆ రెండు సెన్సార్లు ఏం చేస్తాయో తెలియాలి. మొదటిది క్యాట్‌కి ముందు ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి వోల్టేజి రూపంలో చెబుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దాకా, గాలి ఎక్కువైతే 0.1 దాకా. మధ్యలో 0.45 దగ్గర గీత. బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు ఉన్నచోట ఆ గీత ఉంటుంది. ఈసీయూ ఆ గీతకి అటూ ఇటూ పెట్రోలు సర్దుతూనే ఉంటుంది కాబట్టి మొదటి సెన్సార్ రీడింగ్ నిలకడగా ఉండదు, ఉండకూడదు కూడా. ఊగుతూ ఉంటేనే ఆరోగ్యం. రెండోది క్యాట్ తర్వాత ఉంటుంది. క్యాట్ తన లోపల కొంత ఆక్సిజన్ దాచుకుని, కావలసినప్పుడు వదులుతూ పనిచేస్తుంది కాబట్టి దాన్ని దాటి వచ్చిన పొగలో ఈ ఊగిసలాట ఉండదు. రెండో సెన్సార్ 0.6, 0.7 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. కొన్ని కార్లలో ముందు సెన్సార్ వైడ్‌బ్యాండ్ రకం. అలాంటి బండికి ఈ వోల్టేజి లెక్కలు వర్తించవు, ముందు మీ బండిలో ఏది ఉందో చూసుకోండి.

ఇప్పుడు కోడ్‌లు. పీ0131 అంటే మొదటి సెన్సార్ వోల్టేజి తక్కువగా ఉంది. పీ0171 అంటే ఇంజిన్‌లో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని ఈసీయూ అనుకుంటోంది. పీ0141 అంటే రెండో సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో తేడా. సెన్సార్ సుమారు 300 డిగ్రీల వేడి దాటితేనే పనిచేస్తుంది. అందుకోసం లోపల చిన్న హీటర్ ఉంటుంది. మూడింటిలో ఏ ఒక్కటీ "సెన్సార్ మార్చు" అని చెప్పడం లేదు. ఫలానా చోట నుంచి వచ్చిన రీడింగ్ నాకు నచ్చలేదు అని మాత్రం చెబుతోంది.

హీటర్ కోడ్‌తో మొదలుపెట్టాను, తేలిక కాబట్టి. రెండు సెన్సార్ల హీటర్లకూ ఒకేసారి కోడ్ వచ్చి ఉంటే ఫ్యూజు అనుమానించేవాణ్ణి. వెనకదానికి మాత్రమే వచ్చింది. బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కిందికి దూరితే విషయం కళ్ళ ముందే ఉంది. కొత్త క్యాట్ కిందికి వెళ్ళడంతో వెనక సెన్సార్ వైరు అందలేదు. షాపువాళ్ళు నాలుగు వైర్లనూ కోసి, సన్న వైరు కలిపి, చేత్తో మెలిపెట్టి, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు. హెడర్ వేడికి ఆ టేపు కరిగి జిగురై కారింది. రెండు అతుకుల దగ్గర రాగి బయటపడి పచ్చగా తుప్పు పట్టింది.

మల్టీమీటర్ పెట్టి చూశాను. నా బండిలో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సిగ్నల్, బూడిద రంగు ఎర్త్. అన్ని కంపెనీల సెన్సార్లకూ ఇవే రంగులు కావు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అతుకుకి ఇవతల, అంటే సెన్సార్ వైపు నుంచి రెండు తెల్ల వైర్ల మధ్య కొలిస్తే కొద్ది ఓమ్‌లు చూపించింది. హీటర్ బతికే ఉంది. అదే అతుకుకి అవతల కప్లర్ దగ్గర కొలిస్తే అంకె నిలవడం లేదు. వైరు కదిపితే చాలు పైకి పోతోంది, ఒక్కోసారి అసలు లింకే లేదంటోంది. కీ ఆన్ చేసి, ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చి హీటర్‌కి కరెంటు ఇచ్చే వైరుకీ బాడీకీ మధ్య పెట్టాను. కప్లర్ దగ్గర బల్బు తెల్లగా వెలిగింది. అతుకు దాటాక పెడితే లోపలి తీగ ఎర్రగా కనబడిందంతే. మీటర్ మాత్రం రెండుచోట్లా పన్నెండు వోల్టులే చూపించింది. లోడ్ లేకుండా కొలిస్తే పాడైన అతుకు కూడా బాగున్నట్టే కనబడుతుంది, బల్బు మాత్రం మోసపోదు.

అతుకులు సోల్డరింగ్ చేద్దామని మెకానిక్ అన్నాడు. మామూలు వైరింగ్‌కి అది పరవాలేదు. ఈ సెన్సార్‌కి మాత్రం కాదు. చాలా ఆక్సిజన్ సెన్సార్లు పొగలోని ఆక్సిజన్‌ని బయటి గాలితో పోల్చి చూస్తాయి. ఆ బయటి గాలి సెన్సార్ లోపలికి వెళ్ళేది వైరు పోగుల మధ్య సందుల్లోంచి! సోల్డర్ ఆ సందుల్ని మూసేస్తుంది. కప్లర్‌లో గ్రీజు కుక్కినా అంతే. అందుకే సెన్సార్ తయారుచేసేవాళ్ళే సోల్డర్ చేయొద్దంటారు. కోసిన చోట లగ్గులు వేసి ప్రెస్ చేయించి, పైన హీట్ ష్రింక్ ట్యూబు, దాని మీద ఫైబర్ స్లీవ్ వేయించాను. పొడవు తగ్గినదానికి సెన్సార్ వైరు ముట్టుకోకుండా, పాత స్పేర్ల షాపులో అదే రకం కప్లర్ జత వెతికి పట్టుకుని, సరైన మందం వైరుతో ఒక పొడిగింపు చేసుకున్నాం. హెడర్‌కి దూరంగా బిగించి కట్టాం. పీ0141 మళ్ళీ కనబడలేదు.

మిగిలిన రెండు కోడ్‌లూ ఒకే జబ్బు అని నా అనుమానం. ఎగ్జాస్ట్ లీకు. లీకు ఉంటే పొగ బయటికి పోతుంది కానీ గాలి లోపలికి ఎలా వస్తుందని మెకానిక్ అడిగాడు. మంచి ప్రశ్నే. పొగ పైపులో ఒకే ధారగా రాదు, సిలిండర్ సిలిండర్‌కీ ఒక దెబ్బగా వస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో చిన్న సందు దొరికినా బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ని ముందు సెన్సార్ చూసి "పెట్రోలు చాలట్లేదు" అంటుంది. ఈసీయూ నమ్మి ఇంకా పోస్తుంది. నిజానికి ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కువైపోయి ఉంటుంది. మైలేజీ పడిపోవడం, పెట్రోలు వాసన అందుకే. ఐడిల్‌లో పొగ తక్కువ కాబట్టి లీకు ప్రభావం ఎక్కువ. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ట్రిమ్ బాగా దిగింది.

ఇన్‌టేక్ వైపు గాలి లీకు ఉన్నా ట్రిమ్ దాదాపు ఇలాగే ప్రవర్తిస్తుంది. తేడా తెలుసుకోవడానికి స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశాం. నాలుగూ మసిబారి నల్లగా ఉన్నాయి. నిజంగా పెట్రోలు తక్కువై ఉంటే తెల్లగా పాలిపోయి ఉండాలి. అంటే ఈసీయూకి అందుతున్న కబురే తప్పు.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపుకి మార్చి, సైలెన్సర్ చివర పెట్టి చుట్టూ గుడ్డ కుక్కాం. సబ్బు నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసి, కింది నుంచి పైకి ఒక్కో అతుకు మీద కొడుతూ వచ్చాం. కింది ఫ్లాంజ్ (పైపు చివర నట్లతో బిగించే ప్లేటు) దగ్గర ఏమీ లేదు. క్యాట్ వెల్డింగ్ దగ్గర ఏమీ లేదు. హెడర్ ఇంజిన్‌కి బిగిసే చోట, మూడో సిలిండర్ పక్కన, సన్న బుడగలు వరసగా పొంగాయి. టార్చ్ వేసి చూస్తే అక్కడే అల్యూమినియం మీద నల్లని మసి చార కూడా ఉంది.

హెడర్ దింపాం. పాత ప్యాకింగే మళ్ళీ వాడారు. ఒకసారి నలిగిన ప్యాకింగ్ రెండోసారి కూర్చోదు. దానికి తోడు చుట్టూ ఎర్ర సిలికాన్ పేస్టు పట్టించారు. సిలికాన్ పేస్టు కాలితే వచ్చే ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌కి విషం, కొన మీద తెల్లని పొరలా పేరుకుంటుంది. భయంభయంగానే ముందు సెన్సార్ విప్పాను. కొన నల్లగా, ముట్టుకుంటే రాలే మసితో ఉంది. తెలుపు లేదు. బతికిపోయింది.

ప్యాకింగ్ ఒక్కటే కాదు. హెడర్ ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనబడింది. పైపులు వెల్డింగ్ చేసినప్పుడు వేడికి ప్లేటు వంగింది. కొత్త ప్యాకింగ్ వేసి ఎంత బిగించినా అది ఆగేది కాదు. లేత్ షాపులో ఫ్లాంజ్ ముఖం చదును చేయించి, కంపెనీ స్టీలు ప్యాకింగ్ కొత్తది వేసి, సిలికాన్ ఏమీ పెట్టకుండా, మధ్య నట్ల నుంచి బయటికి కొంచెం కొంచెంగా బిగించాం. బండి నాలుగు రోజులు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు మరోసారి బిగింపు చూసుకున్నాం.

ఇక ముందు సెన్సార్‌కి పరీక్ష. వేడెక్కిన ఇంజిన్‌లో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి వదిలితే యాప్‌లో గీత 0.9కి ఎగిరింది, వదలగానే 0.1 కిందికి జారింది, మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. చచ్చిన సెన్సార్ ఈ పని చెయ్యదు. కోడ్‌లు ఎరేజ్ చేశాను. ఈసారి ఎరేజ్ చేయడానికి అర్థం ఉంది. పాత ట్రిమ్ లెక్కలు పోయి ఈసీయూ కొత్తగా నేర్చుకుంటుంది. కొద్ది రోజుల్లో లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకి అటూ ఇటూ మూడు నాలుగు శాతంలో సర్దుకుంది.

ఆ వారంలోనే ఇంటిల్లిపాదీ కొండకి బయల్దేరాం. మా మేనల్లుడు ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో గీతలు చూస్తున్నాడు. అలిపిరి తనిఖీ దాటి ఎక్కడం మొదలుపెట్టాక ముందు సెన్సార్ గీత ఊగడం మానేసి 0.85 దగ్గర నిలబడే చోట్లు వచ్చాయి. నిండు బండి, రెండో గేరు, యాక్సిలరేటర్ బాగా తొక్కి ఉన్నప్పుడు ఈసీయూ కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది మామూలే. అసలు తమాషా దర్శనం అయ్యాక దిగేటప్పుడు. మొదటి ఘాట్ రోడ్డులో గేరులోనే వదిలి దిగుతుంటే వాడు ఉలిక్కిపడి, "మామా, రెండు సెన్సార్లూ చచ్చిపోయాయి! సున్నా చూపిస్తోంది" అన్నాడు. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా గేరులో దిగుతున్నప్పుడు ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. పైపులో పోయేది వట్టి గాలే. సెన్సార్లు సున్నాకి దగ్గరగా చూపించకపోతేనే అనుమానించాలి. ఖర్చు లేకుండా రెండు సెన్సార్లనీ ఒకేసారి పరీక్ష చేయడానికి మన ఘాట్ రోడ్డు కంటే మంచి చోటు లేదు. ఒక్క షరతు, ఫోన్ చూసేది పక్కవాళ్ళే అయి ఉండాలి.

అంతా బాగుందనుకున్నాక లైటు మళ్ళీ వెలిగింది. ఈసారి పీ0420. క్యాట్ పనితనం హద్దు కంటే తక్కువగా ఉందని అర్థం.

మెకానిక్ ముఖంలో "నేను ముందే చెప్పినా గదా" అన్న భావం. కానీ ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. సెన్సార్ కోడ్‌లు, ఫ్యూయల్ ట్రిమ్ కోడ్‌లు పెండింగ్‌లో ఉన్నంతకాలం చాలా ఈసీయూలు క్యాట్ పరీక్ష మొదలే పెట్టవు. కొలిచే సెన్సార్ మీదే నమ్మకం లేనప్పుడు క్యాట్‌ని ఎలా కొలుస్తుంది? మొదటి మూడు కోడ్‌లు పోయాకే ఆ పరీక్ష జరిగింది, క్యాట్ తప్పింది. ఎగ్జాస్ట్ మార్చాక ఒకేసారి నాలుగైదు కోడ్‌లు వచ్చినవాళ్ళు కూడా పీ0420ని ఆఖరున చూడండి. సెన్సార్‌కి ముందు లీకు ఉన్నా, హీటర్ సరిగ్గా లేకపోయినా అది ఊరికే రావచ్చు.

నేను కూడా మళ్ళీ సబ్బు నీళ్ళతోనే మొదలుపెట్టాను. లీకు లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి, రెండు సెన్సార్ల గీతలూ ఒకే తెర మీద పెట్టి చూశాను. ముందుది ఊగుతోంది. వెనకది నిలకడగా ఉండాల్సింది పోయి, కొంచెం ఆలస్యంగా దాని వెంటే ఊగుతోంది. క్యాట్ ఆక్సిజన్ దాచుకోవడం లేదు.

కారణం కూడా కనబడుతూనే ఉంది. షాపువాళ్ళు పెట్టింది చదరపు అంగుళానికి 200 గదులు (పొగ పోయే సన్న రంధ్రాలు) ఉండే పొట్టి క్యాట్. కంపెనీ క్యాట్‌లలో సాధారణంగా 400, అంతకు మించి కూడా ఉంటాయి. గదులు తక్కువైతే పొగ తేలిగ్గా పోతుంది, అందుకే రేసింగ్ వాళ్ళకి అవంటే ఇష్టం. కానీ పొగకి తగిలే ఉపరితలం తగ్గిపోతుంది. పైగా ఇంజిన్‌కి ఆనుకుని ఉండాల్సిన వస్తువు కిందికి వెళ్ళింది. క్యాట్ పని మొదలుపెట్టాలంటే 250, 300 డిగ్రీలు కావాలి. దూరం పెరిగేకొద్దీ అక్కడికి చేరడానికి ఆలస్యం.

"స్పేసర్ వేసేయ్ బావా, ఐదారొందల్లో పోతుంది" అన్నాడు మా బామ్మర్ది. వెనక సెన్సార్‌కీ పైపుకీ మధ్య చిన్న గొట్టం ముక్క పెట్టి సెన్సార్‌ని పొగ దారిలోంచి వెనక్కి లాగడమే ఆ చిట్కా. పొగ దానికి తక్కువగా, నెమ్మదిగా అందుతుంది, గీత నిలకడగా కనబడుతుంది, ఈసీయూ నమ్ముతుంది. చాలామందికి పనిచేసింది కూడా. ఇంకొందరు ఈసీయూని రీమ్యాప్ చేయించి, అంటే దాని ప్రోగ్రామ్ మార్పించి, వెనక సెన్సార్ లెక్కనే తీసేయిస్తారు. నాకు రెండూ నచ్చలేదు. లైటు ఆరుతుంది, పైపులోంచి వచ్చేది మాత్రం అదే వస్తుంది. రేపు నిజంగానే క్యాట్ ముక్కలై పైపు మూసుకుపోయినా చెప్పేవాడు ఉండడు. నేను రోజూ ఈ ఊళ్ళోనే తిరుగుతాను, మా పిల్లలు ఈ గాలే పీలుస్తారు.

చెన్నై మనకు ఎంత దూరం గనక. అక్కడ బండ్ల స్పేర్లు దొరికే జీపీ రోడ్డు వైపు విచారించి, మన ఇంజిన్ సైజుకి తగిన 400 గదుల సిరామిక్ క్యాట్ తెప్పించుకున్నాం. ఈసారి వెల్డింగ్ దగ్గర నేను నిలబడ్డాను. హెడర్ పైపులన్నీ కలిసే చోటికి వీలైనంత పైకి క్యాట్‌ని జరిపించాను. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించి, సెన్సార్లు రెండూ విప్పించి పక్కన పెట్టాను. సెన్సార్ కూర్చునే నట్టు పైపుకి కింది వైపు రాకుండా చూసుకున్నాను. పొద్దున చల్లటి పైపులో నీటి బొట్లు చేరతాయి. సెన్సార్ అడ్డంగానో కిందికో ఉంటే ఆ నీళ్ళు కొనలో నిలిచి, హీటర్ వేడెక్కగానే లోపలి సిరామిక్ పగులుతుంది. అడ్డగీతకి కనీసం పది డిగ్రీలు పైకి ఉండాలి. మర మీద మాత్రమే, అది పట్టేసుకోకుండా, యాంటీసీజ్ పేస్టు కొద్దిగా రాయాలి, కొనకి తగలకూడదు.

బిగించాక కోడ్ రాకపోవడం ఒక్కటే చాలదు. ఎరేజ్ చేసిన ప్రతిసారీ క్యాట్ పరీక్ష "పూర్తి కాలేదు" స్థితికి వెళ్తుంది. యాప్‌లో రెడీనెస్ అనే పేజీలో అది కనబడుతుంది. పూర్తయి కూడా కోడ్ రాకపోతే అప్పుడు నమ్మాలి. ఊళ్ళో ట్రాఫిక్‌లో ఎంత తిరిగినా నాకు అది పూర్తి కాలేదు. కొండకి వెళ్ళొచ్చినా కాలేదు. ఎక్కుడు దిగుడు తప్ప నిలకడ వేగం ఎక్కడుంది? ఆదివారం పొద్దున చంద్రగిరి మీదుగా చిత్తూరు రోడ్డు పట్టి, ఒకే వేగంలో యాక్సిలరేటర్ కదపకుండా పోతుంటే పూతలపట్టు చేరేలోపు "పూర్తయింది" అని వచ్చింది. అంత దూరం వెళ్ళాం కదా అని కాణిపాకంలో దర్శనం చేసుకుని, దారిలో దోసెలు తిని వచ్చాం. వెనక సెన్సార్ గీత 0.68 దగ్గర పడుకుని ఉంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా అప్పుడే దగ్గర పడింది. బీఎస్-4 పెట్రోల్ బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్‌లు 200 పీపీఎం దాటకూడదు. రెండూ హద్దుకి బాగా కిందే వచ్చాయి.

మైలేజీ పాత లెక్కకి వచ్చింది. పికప్ పెరిగిందా అంటే, మూడు వేల ఆర్‌పీఎం పైన కొంచెం హుషారుగా అనిపిస్తుంది. మా బామ్మర్ది చెప్పినంత ఏమీ లేదు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్‌లో ఒక గుయ్యిమనే మోత మాత్రం మిగిలింది, మా ఆవిడకి అది అస్సలు పడదు. సైలెన్సర్‌కి ముందు రెసొనేటర్ (మోత తగ్గించే డబ్బా) ఒకటి పెడితే తగ్గుతుందంటున్నారు, వచ్చే నెల చూడాలి. ఖర్చు లెక్క వేస్తే కొత్త క్యాట్, వెల్డింగ్‌దే పెద్ద బిల్లు. లేత్ పని, ప్యాకింగ్, కప్లర్లు అన్నీ కలిపినా ఒక్క సెన్సార్ ధరలో సగం కాలేదు. సెన్సార్లు రెండూ బండితో వచ్చినవే నడుస్తున్నాయి.